ఇటుకకు నాలుగే ఉపయోగాలు తట్టాయి

ప్రశ్న: సార్, నమస్కారం. నా వయసు 38. విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డిశ్చార్జి బిల్లింగు విభాగం చూస్తున్నాను. బీకాం చదివి 14 ఏళ్ల కిందట ఇదే కౌంటర్లో చేరాను. ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. లెక్క పైసాతో సహా సరిపోవాలి, ఫైలు తప్పిపోకూడదు. నాకు తెలిసిన విద్య ఇంతే. ఆరు నెలల కిందట కొత్త జనరల్ మేనేజరు వచ్చారు. ప్రతి విభాగమూ నెలకు ఒక కొత్త ఆలోచన తేవాలన్నారు. నెలాఖరు సమావేశంలో మార్కెటింగు వాళ్లు, ఐటీ వాళ్లు ఏవేవో చెబుతారు. నా వంతు వచ్చేసరికి నోరు పెగలదు. పోయిన నెల మా అందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టించారు. ఇటుకను ఎన్ని రకాలుగా వాడవచ్చో మూడు నిమిషాల్లో రాయమన్నారు. నాకు నాలుగు తట్టాయి. పక్కన కూర్చున్న కుర్రాడు 19 రాశాడు. ఆ రోజు ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. మా అత్తగారి ముగ్గులు, మా అమ్మాయి బొమ్మలు చూస్తే వాళ్లకు పుట్టుకతో వచ్చింది నాకు రాలేదని తెలిసిపోతుంది. నేను చేసేవన్నీ ఇన్సూరెన్సు ఫైళ్లకు ఎర్ర క్లిప్పు, నగదు ఫైళ్లకు పచ్చ క్లిప్పు పెట్టించడం లాంటి చిల్లర పనులే. సృజన అనేది నేర్చుకుంటే వచ్చేదేనా? ఈ వయసులో వస్తుందా? లేక గౌరవంగా ఉద్యోగం మానుకోవడం మేలా?
— పేరు వద్దన్న సోదరి, విజయవాడ

సమాధానం:

అమ్మా, ఉద్యోగం మానవద్దు. ఆ మాట ముందే చెప్పేస్తే మిగిలింది స్థిమితంగా మాట్లాడుకోవచ్చు.

మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఎర్ర క్లిప్పు, పచ్చ క్లిప్పు దగ్గర. ఆ ఆలోచన మీకు ఏ శిక్షణ తరగతిలోనూ వచ్చి ఉండదు. ఎప్పుడో ఒక ఇన్సూరెన్సు ఫైలు నగదు ఫైళ్ల కట్టలో కలిసిపోయి ఉంటుంది. అప్రూవల్ కోసం పంపవలసిన కాగితం మధ్యాహ్నం దాకా ఎవరి కంటా పడి ఉండదు. రోగి కొడుకో అల్లుడో వచ్చి కౌంటరు మీద చెయ్యి చరిచి నాలుగు మాటలని ఉంటాడు. రాత్రి ఇంటికి వెళ్లాక కూడా ఆ చప్పుడు మీ చెవిలో ఉండి ఉంటుంది. మర్నాడో ఆ మర్నాడో, దూరం నుంచి చూసినా ఏ ఫైలు ఏదో తెలియాలి అనుకున్నారు. రంగు తట్టింది. స్టేషనరీ కొట్టు నుంచి క్లిప్పుల పెట్టె తెప్పించారు. ఒక ఇబ్బందిని చూశారు, దాన్ని మరచిపోకుండా వెంట పెట్టుకున్నారు, వేరే చోట ఉన్న ఉపాయాన్ని మీ బల్ల మీదకు తెచ్చారు, తక్కువ ఖర్చులో చేసి చూశారు, అది నిలిచింది. పేరున్న ఆవిష్కరణలను విప్పి చూసినా లోపల కనబడే మెట్లు ఇవే. మీరు మీ పనికి ఆ పేరు పెట్టుకోలేదు, అంతే.

ఇక ఇటుక సంగతి. గిల్‌ఫర్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1950లో తమ దేశపు మనస్తత్వవేత్తల సంఘానికి అధ్యక్షుడి హోదాలో మాట్లాడుతూ, సృజనను తమ శాస్త్రం బొత్తిగా పట్టించుకోలేదని ఎత్తిచూపాడు. ఆ తర్వాత ఆయనా, ఆయన దారిలో వెళ్లినవాళ్లూ తయారుచేసిన పరీక్షల్లో నుంచి వచ్చిందే మీకిచ్చిన ఇటుక ప్రశ్న. ఒక వస్తువుకు అలవాటైన వాడకాన్ని దాటి మనసు ఎంత వేగంగా, ఎంత దూరం వెళ్లగలదో అది చూస్తుంది. పరిశోధనకు పనికొచ్చే సాధనమే. ఉద్యోగంలో ఎవరు ఏమి కనిపెట్టగలరో తేల్చే తూకంగా దాన్ని వాడితే మాత్రం మీలాంటి వాళ్లకు అన్యాయం జరుగుతుంది. మీరు ఇటుకలతో బతకలేదు. ఫైళ్లతో బతికారు. ‘డిశ్చార్జి ఫైలు ఎక్కడెక్కడ ఆగిపోగలదు?’ అని అదే మూడు నిమిషాలు ఇచ్చి ఉంటే మీ కాగితం ఎలా ఉండేదో, పక్కన కూర్చున్న అబ్బాయి కాగితం ఎలా ఉండేదో ఊహించుకోండి. అతన్ని తక్కువ చేసి అనడం లేదు. అతనిది మంచి వేగం, అది మీకు ముందు ముందు పనికొస్తుంది. గిల్‌ఫర్డ్ ఆ ప్రసంగంలోనే ఇంకో మాట కూడా అన్నాడు: సృజన కొద్దిమంది మేధావులకే పరిమితమైంది కాదు, ఎక్కువ తక్కువల తేడాతో దాదాపు అందరిలోనూ ఉంటుందని. శిక్షణ ఇచ్చినవాళ్లు ఇటుకతో పాటు ఈ మాట కూడా మీకు చెప్పి ఉంటే బాగుండేది.

మీ అత్తగారి ముగ్గుల గురించి రాశారు. ఒక రోజు ఆవిడ పక్కన కూర్చుని అడగండి, ఆ చెయ్యి ఎన్నేళ్లకు కుదిరిందని. 15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా అని లెక్క వేసుకుంటూ, గీత తప్పితే కాలితో చెరిపి మళ్లీ పెట్టి, పక్కింటి వాకిలి చూసి ఒక మెలిక నేర్చుకుని, దానికి తనది ఒకటి కలిపి, ఎన్నో ధనుర్మాసాల పాటు తెల్లవారుజామున వంగి వేసిన ముగ్గులు ఆవిడ వేళ్లలో ఉన్నాయి. మీరు చూస్తున్నది ఈనాటి వాకిలి. చెరిపేసిన వాకిళ్లు మీకు కనబడవు. సృజన పుట్టుకతో వస్తుందన్న భ్రమ ఇక్కడే పుడుతుంది, ఎందుకంటే ఎవరి సాధనా మనకు కనబడేలా ఉండదు.

మన భాషలో దీనికి అవధానాన్ని మించిన రుజువు లేదు. మీరు ఒక్క అష్టావధానమైనా చూసే ఉంటారు, కనీసం టీవీలో. ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం చెప్పమంటారు, ఒకరు మధ్యలో సంబంధం లేని మాటలతో ధ్యాస చెదరగొడతారు, ఒకరు గంటలు కొడుతుంటారు, వాటి లెక్క చెప్పాలి. చూసేవాళ్లకు అది సరస్వతీ కటాక్షం అనిపిస్తుంది. అవధానులనే అడిగితే ఛందస్సు నోటికి పట్టించుకున్న ఏళ్లు, నిఘంటువులు వల్లె వేసిన రాత్రులు, గురువు ఇచ్చిన సమస్యలను వందల కొద్దీ పూరించిన అభ్యాసం గురించి చెబుతారు. నిల్వ లేనిదే ఆశువు లేదు. మీ 14 ఏళ్లు మీ నిల్వ.

అవధానంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నిషిద్ధాక్షరి. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది రాబోతుందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. అలవాటైన మాట వైపు వెళ్లే దారి మూసుకుపోతుంది. అవధాని ఇంకో దారి తీస్తాడు. పృచ్ఛకుడు దాన్నీ మూసేస్తాడు. చివరకు వచ్చే పద్యంలో, స్వేచ్ఛగా వదిలేస్తే ఆయనకు కూడా తట్టి ఉండని మాటలు పడతాయి. ఈ సూత్రాన్ని మీ కౌంటరుకు ఎలా తేవాలో కాసేపట్లో చెబుతాను.

సమస్యా పూరణం కూడా గుర్తుంచుకోండి. ‘కుంజర యూధంబు దోమ కుత్తుక జొచ్చెన్’ అన్న పాదం మీరు వినే ఉంటారు. ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరిందట. అది ఎలా కుదురుతుందని ఏనుగు కొలతలు, దోమ కొలతలు లెక్క వేస్తూ కూర్చుంటే తెల్లవారినా తేలదు. తెనాలి రామకృష్ణుడి పేరున చెప్పుకొనే పూరణలో ఏనుగులు పాండవులయ్యారు, దోమ విరాటుడి కొలువయింది. అంత వీరులు అంత చిన్నచోట దాసులుగా చేరారన్న వేదనగా ఆ అసాధ్యం అర్థవంతమయింది. సమస్యను అక్షరం కూడా మార్చకుండా, అందులో ఎవరు ఎవరన్నది మార్చాడు కవి. పనిలో వచ్చే చిక్కుముడుల్లో చాలా వాటికి విరుగుడు ఇదే రకంగా దొరుకుతుంది.

ఇప్పుడు మన కాలపు మనిషి ఒకరి గురించి చెబుతాను. ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చేనేత కుటుంబంలో పుట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. పోచంపల్లి తరహా చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ దారాన్ని పోగు వెంట పోగు తిప్పుకుంటూ పోవడం ఆ పని. ఒక చీరకు చెయ్యి సుమారు 9 వేల సార్లు తిరగాలి, నాలుగైదు గంటలు పడుతుంది. ఆయన తల్లి లక్ష్మి రోజుకు రెండు చీరలకు ఆసు పోసేవారు. అంటే 18 వేల సార్లు. సాయంత్రానికి ఆవిడ భుజం ఎత్తలేకపోవడం ఆ ఇంట్లో ప్రతిరోజూ కనబడే దృశ్యం.

ఆ దృశ్యం ఊళ్లో చాలా ఇళ్లలో ఉంది. మల్లేశం దానికి అలవాటు పడడానికి ఒప్పుకోలేదు. 1992లో యంత్రం పని మొదలుపెట్టారు. ఇంజనీరింగు తెలియదు, డబ్బు లేదు, చుట్టూ ఉన్నవాళ్లకు నమ్మకం లేదు. మొత్తం యంత్రాన్ని ఒక్కసారి ఊహించే ప్రయత్నం చేయకుండా, చేతి కదలికను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క ఏర్పాటు చేసుకుంటూ వెళ్లారు. చివరి ముక్క దగ్గర ఆగిపోయింది. బతుకుతెరువుకు హైదరాబాదు వచ్చి పనులు చేసుకుంటున్నప్పుడు, బాలానగర్‌లో ఒక కార్ఖానాలో వేరే అవసరానికి పెట్టిన యంత్రం కదలిక కంటబడింది. తనకు కావలసింది అదే. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం అని. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది.

బాలానగర్‌లో ఆ యంత్రం పక్కన రోజూ నిలబడేవాళ్లు ఉన్నారు. వాళ్లకు అందులో ఆసు కనబడలేదు. ఏడేళ్లుగా ఒకే ప్రశ్నను మోస్తున్న మనిషికి కనబడింది. ‘మెరుపులా తట్టింది’ అని చెప్పుకొనే కథలన్నిటిలోనూ మెరుపు కన్నా ముందు ఆ మోత ఉంటుంది. సృజన నేర్చుకోవడం అంటే మొదట నేర్చుకోవలసింది ఇదే: ఒక ఇబ్బందిని ఎంచుకుని, దాన్ని తొందరపడి దించేయకుండా మోయడం. ఇది మీకు కొత్త కాదు. 3 రూపాయల తేడా వస్తే రాత్రి ఎనిమిదైనా దాని అంతు చూడందే ఇంటికి వెళ్లని మనిషి మీరు అని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. లెక్కలో తేడాను సహించలేని ఆ గుణాన్నే మనుషులు పడే బాధ వైపు తిప్పండి.

వయసు గురించి అడిగారు. మీది ఆసుపత్రి కాబట్టి ఆసుపత్రి మనిషినే చెబుతాను. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకు 58 ఏళ్లు. కీళ్లవాతంతో చేతివేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. ఆ వేళ్లతోనే కంటి ఆపరేషన్లు చేయడం మళ్లీ నేర్చుకున్న మనిషి ఆయన. పేదల కంటి శుక్లాలు తీయడానికి ఆయన ఎక్కడ చూసి నేర్చుకున్నారో తెలుసా? అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ తినుబండారాల దుకాణాల దగ్గర. మామూలు మనుషులకు చక్కగా నేర్పి, ఒకే నాణ్యతతో, తక్కువ ధరకు, లక్షల మందికి తిండి అందించగలిగినప్పుడు కంటి చూపు ఎందుకు అందించలేమన్నది ఆయన ప్రశ్న. ఆపరేషన్ గదిలో బల్లలు పక్కపక్కన వేయించారు. ఒక రోగికి పని పూర్తయ్యేసరికి పక్క బల్ల మీద రెండో రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. డాక్టరు ఇటు తిరిగితే చాలు. పల్లెటూరి ఆడపిల్లలకు శిక్షణ ఇచ్చి మిగతా పనులన్నీ వాళ్ల చేతికిచ్చారు. కంటిలో పెట్టే కటకాలు బయటి దేశాల నుంచి కొనడం భారమైతే 1992లో సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు. ఎక్కడి హోటలు, ఎక్కడి కన్ను! అడగడానికి సిగ్గుపడకపోతే ఉపాయం ఎక్కడి నుంచైనా వస్తుంది. మీ దగ్గర్లో ఉపాయాలు అరువు తెచ్చుకోదగిన చోట్లు బోలెడున్నాయి. పెద్ద పెళ్లిలో బంతి తర్వాత బంతి వడ్డించే వంటవాళ్లు, పార్సిళ్లు సర్దే కొరియరు వాళ్లు, పండగ రోజుల్లో బస్సులు పంపే డిపో వాళ్లు. వీళ్లంతా మీలాగే ఒకరి తర్వాత ఒకరిని త్వరగా, తప్పు లేకుండా పంపించే పనిలోనే ఉన్నారు. ఒక పూట వెళ్లి చూసి రండి.

ఇప్పుడు మీ కౌంటరు దగ్గరకు వస్తాను. నేను ఒక రోజంతా దానికి అవతలి వైపు కూర్చున్నవాణ్ణి.

మూడేళ్ల కిందట మా అక్కయ్యకు మోకీలు ఆపరేషన్ అయింది. ఏ ఊళ్లోనన్నది అక్కర్లేదు. డిశ్చార్జి రోజు ఉదయం తొమ్మిదిన్నరకు పెద్ద డాక్టరుగారు రౌండ్లకు వచ్చి, ఇక ఇంటికి వెళ్లవచ్చమ్మా అని నవ్వి వెళ్లారు. మేము గది ఖాళీ చేసి సంచులు సర్దుకున్నాం. సాయంత్రం ఆరు దాటాక బయటపడ్డాం. మధ్యలో పిలిచిన ఆటోను రెండుసార్లు తిప్పి పంపాం. నేను నర్సుల గది ఎదురుగా ఉన్న ఇనప బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. డిశ్చార్జి సమ్మరీ పదకొండున్నరకే టైపు అయింది. సంతకం పెట్టవలసిన చిన్న డాక్టరు ఆపరేషన్ గదిలో ఉన్నారు. ఒంటిగంటంపావుకు సంతకం పడింది. వాడకుండా మిగిలిన రెండు సెలైను సీసాలు, కొన్ని ఇంజెక్షన్లు పాలిథిన్ కవర్లో పెట్టి ఫార్మసీకి తిరిగి పంపాలి. సిస్టర్ ఆ కవరును కిటికీ గట్టు మీద పెట్టి వార్డు బాయ్‌ని పిలిచింది. అతను అప్పటికే ఇంకెవరి పని మీదనో కిందకు వెళ్లాడు. ఆ కవరు గట్టు మీద గంటకు పైగా ఉంది. సిస్టర్లు చూశారు, నేను చూశాను, పక్క గదిలో పసిబిడ్డతో ఎదురుచూస్తున్న బాలింత తల్లి కూడా చూసింది. ఆ కవరు ఎవరిదీ కాదు. అది కిందకు వెళ్లి, మందుల లెక్క సరిచూసి, తీసివేత పడితే తప్ప బిల్లు కదలదు. చివరకు ఫైలు మీలాంటి ఒక అమ్మాయి ముందుకు వచ్చేసరికి నాలుగు దాటింది. ఆ అమ్మాయి ఇరవై నిమిషాల్లో తన పని పూర్తి చేసి అప్రూవల్‌కు పంపింది. అయినా రోజంతా పేరుకున్న కోపం అంతా మా బావగారు ఆ అమ్మాయి మీదే చూపించారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీరు ఆ ఆఖరి ఇరవై నిమిషాలను మెరుగుపరచడం గురించే ఆలోచిస్తూ, అక్కడ ఏమీ తట్టడం లేదని కుంగిపోతున్నారేమో అని నా అనుమానం. అక్కడ మీరు ఇప్పటికే చేయగలిగినంత చేశారు. ఇబ్బంది పైనెక్కడో పుట్టి మీ దగ్గర బయటపడుతోంది. అందుకని మొదటి సాధన ఇది: ఒక రోజు కౌంటరును మీ వాళ్లకు అప్పగించి, మూడో అంతస్తో నాలుగో అంతస్తో వెళ్లి ఒక్క ఫైలు వెంట నడవండి. డాక్టరు ‘వెళ్లవచ్చు’ అన్న క్షణం నుంచి రోగి గేటు దాటే దాకా. ఫైలు ఆగిన ప్రతి చోటా మీరూ ఆగండి. చిన్న నోటు పుస్తకంలో సమయం, చోటు, ఎవరి కోసం ఆగింది, అప్పుడు అక్కడ ఉన్నవాళ్లు ఏమనుకుంటున్నారు అన్నవి రాసుకోండి. ఎవరినీ తప్పుపట్టవద్దు, సలహాలు ఇవ్వవద్దు, ఆ రోజు చూడడం ఒక్కటే మీ పని. ఫైలు కదిలిన సమయం మొత్తం ఎంత, కదలకుండా కూర్చున్న సమయం ఎంత అని సాయంత్రం రెండు వరుసల్లో కూడండి. మీకు వచ్చిన విద్యే కదా. ఇలా మూడు ఫైళ్లకు చేయండి. ఒకటి నగదుది, ఒకటి ఇన్సూరెన్సుది, ఒకటి ఆరోగ్యశ్రీది. మూడూ మూడు రకాలుగా ఆగుతాయి.

తర్వాత, ఎక్కువసేపు ఆగిన ఒక్క చోటును పట్టుకుని ‘ఎందుకు’ అని అడుగుతూ వెళ్లండి. జపాన్‌లో టయోటా కంపెనీ తన కార్మికులకు వరసగా ఐదుసార్లు అలా అడగడం నేర్పింది. ఆ కంపెనీ మూలపురుషుడు సకిచి టయోడా ఒక వడ్రంగి కొడుకు. పల్లెలో మగ్గం మీద శ్రమ చూసి 1890లో చెక్క మగ్గాన్ని మెరుగుపరిచాడు, తర్వాత పోగు తెగితే తనంతట తాను ఆగిపోయే మగ్గం చేశాడు. అక్కడా మగ్గమే, ఇక్కడా మగ్గమే, తలచుకుంటే ముచ్చటగా ఉంటుంది. మన కవరు సంగతే తీసుకోండి. బిల్లు ఎందుకు ఆలస్యమైంది? మందుల తీసివేత పడలేదు. ఎందుకు పడలేదు? కవరు కిందకు వెళ్లలేదు. ఎందుకు? తీసుకెళ్లే మనిషి లేడు. ఆ వేళకే మనిషి ఎందుకు కావలసి వచ్చింది? మిగిలిన మందులను డిశ్చార్జి రాశాకే లెక్కపెడుతున్నారు కాబట్టి. ఎందుకు అప్పుడే? ఎప్పటి నుంచో అలాగే జరుగుతోంది కాబట్టి. ఈ ఆఖరి జవాబు వినబడిందంటే మీరు సరైన తలుపు ముందు నిలబడ్డారని అర్థం. రేపు వెళ్లిపోతారని ముందు రోజు సాయంత్రమే దాదాపు తెలిసిన రోగుల మందులను ఆ రాత్రే ఎందుకు లెక్కపెట్టకూడదు అన్న ప్రశ్న అక్కడ దానంతట అదే పుడుతుంది. మీ ఆసుపత్రిలో చిక్కు ఇదే అని నేను అనడం లేదు. మీ దగ్గర అది అప్రూవల్ కావచ్చు, సంతకం కావచ్చు, లిఫ్టు కావచ్చు. మీ పుస్తకం చెబుతుంది.

ఇప్పుడు నిషిద్ధాక్షరి. చిక్కు ఎక్కడుందో తెలిశాక మనసు వెంటనే అలవాటైన మాటల వైపు వెళుతుంది: ఇద్దరు మనుషులను ఎక్కువ ఇవ్వండి, కొత్త సాఫ్ట్‌వేర్ కొనండి. వాటిని ముందే నిషేధించండి. కొత్త మనిషి లేడు, కొత్త ఖర్చు లేదు, అయినా గంట తగ్గాలి అని రాసుకుని పరిష్కారాలు రాయడం మొదలుపెట్టండి. ఇరవై వచ్చేదాకా కలం కింద పెట్టవద్దు. మొదటి ఐదారు అందరికీ తట్టేవే ఉంటాయి. పది దగ్గర ఇక లేవనిపిస్తుంది. అక్కడ లేచి టీ తాగి రండి, పడుకుని లేచి మర్నాడైనా కూర్చోండి, కానీ మళ్లీ కూర్చోండి. ఆ అలసట దాటాక వచ్చేవాటిలోనే పనికొచ్చేవి ఉంటాయి. పిచ్చివి కూడా వస్తాయి, రానివ్వండి, కొట్టివేయడం మరోరోజు పని. రాసే మనిషి, దిద్దే మనిషి ఒకే పూట ఒకే తలలో కూర్చుంటే దిద్దే మనిషిదే పైచెయ్యి అవుతుంది. 14 ఏళ్లు తప్పులు పట్టిన మీకు ఆ రెండో మనిషి బలంగా ఉంటుంది కాబట్టి మరీ జాగ్రత్త. ఇటుక దగ్గర మీకు నాలుగే రావడానికి కారణం కూడా ఇదేనని నా నమ్మకం. మీకు పది తట్టి ఉంటాయి, ఆరింటిని రాయకముందే మీరే కొట్టేసి ఉంటారు.

వచ్చిన వాటిలో ఒకటి ఎంచుకుని, ఒక్క వార్డులో, ఒక్క వారం, రద్దు చేసినా ఎవరికీ నష్టం లేని విధంగా చేసి చూడండి. పనిచేయకపోతే ఎందుకు చేయలేదో పుస్తకంలో రాసుకోండి, రెండోది తీయండి.

నెలాఖరు సమావేశం గురించి ఒక మాట. అందరూ చుట్టూ కూర్చుని తోచింది చెప్పడం అనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది ఆజ్‌బోర్న్ అనే అమెరికన్ ప్రకటనల కంపెనీ పెద్దమనిషి. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో దాన్ని పరీక్షకు పెట్టారు. నలుగురు కలిసి కూర్చున్న జట్ల కన్నా, విడివిడిగా కూర్చుని రాసిన నలుగురి ఆలోచనలు కలిపితే దాదాపు రెట్టింపు వచ్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి, ఆగేలోపు తమది మరచిపోతారు లేదా చిన్నబోతారు. నోరు పెగలకపోవడం మీ ఒక్కరి లోపం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. మీ మేనేజరుగారితో విడిగా మాట్లాడండి. సమావేశం మొదట్లో పది నిమిషాలు అందరూ మౌనంగా కాగితం మీద రాసి, ఆ తర్వాత ఒక్కొక్కరుగా చదివే పద్ధతి పెట్టమని అడగండి. అదే మీ ఈ నెల కొత్త ఆలోచన అని చెప్పినా తప్పులేదు. ఇంకో సంగతి కూడా ఆయనకు చెప్పవచ్చు: నెలకు ఒక ఆలోచన బదులు, నెలకు ఒక ఇబ్బందిని లెక్కలతో సహా తెస్తానని. బాధ్యత తెలిసిన పై అధికారి ఎవరైనా దాన్నే ఎక్కువ కోరుకుంటాడు. మార్కెటింగు వాళ్లలా మాట్లాడాలని ప్రయత్నించకండి. మీ రెండు వరుసల పట్టిక బల్ల మీద పెట్టండి, అది మాట్లాడుతుంది.

సమావేశానికి వెళ్లేముందు ఆ వార్డు బాయ్‌నీ, రాత్రి డ్యూటీ సిస్టర్‌నీ అడగండి, వాళ్లకేం తోస్తోందని. ఫైలు వెంట వాళ్లు మీకన్నా ఎక్కువ నడిచారు. వాళ్లు చెప్పింది వాళ్ల పేరుతోనే పైకి చెప్పండి. ఒక్కసారి అలా జరిగితే తర్వాత మీరు అడగకుండానే వచ్చి చెబుతారు. పేరు మీరు తీసుకున్నారో, ఆ తలుపు ఇక తెరుచుకోదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి, ఎందుకంటే ఈ కొత్తదనం ఊపులో చాలామంది మరచిపోతున్నారు. మీ పనిలో కొత్తదనం తగని చోట్లు ఉన్నాయి. మందు పేరు, మోతాదు సరిచూడడం, ఏ రోగి బిల్లు ఏ రోగిదో రెండోసారి చూసుకోవడం, నగదు లెక్కకు ఇద్దరి సంతకాలు, ఇలాంటివి నెమ్మదిగా ఉన్నా అలాగే ఉండాలి. అవి ఎప్పుడో ఎవరో పడిన దెబ్బ నుంచి పుట్టిన నియమాలు. తొందరగా జరగడం కోసం వాటిని తీసేద్దామని సమావేశంలో ఎవరైనా అంటే, వద్దని గట్టిగా చెప్పవలసింది మీరే. దాన్ని చాదస్తం అంటారేమోనని వెనకాడవద్దు.

మీ అమ్మాయి బొమ్మల పుస్తకం ఒకటి అడిగి తీసుకోండి. ఫైలు నడిచిన దారిని అందులో బొమ్మగా గీయించండి. ఆగిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టించండి. పెద్దవాళ్ల పట్టికలో కనబడనిది పిల్లల బొమ్మలో కనబడుతుందని నాకు అనుభవం. ఆ బొమ్మ నకలు, మూడు ఫైళ్ల లెక్క నాకు పంపండి. మీ ఆసుపత్రిలో ఆ కవరు ఏ గట్టు మీద కూర్చుందో చూడాలని ఉంది.